ఆడేవాడి మాట చెల్లుతుందా?

2007 డిసెంబరు 10వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో ఒక సంస్థ తాను నడిపే ఆటలోని నియమమొకటి మార్చింది. ఆట పేరు రూన్‌స్కేప్. కత్తులు, మంత్రాలు, గనులు, చేపల రేవులు, రాక్షసుల గుహలు గల ఒక కల్పిత మధ్యయుగపు దేశం అది. ఆ దేశానికి ఉత్తరాన వైల్డర్‌నెస్ అనే నిర్జన ప్రదేశం ఉంది. అక్కడ అడుగుపెట్టినవాడి మీద మరొక ఆటగాడు దాడి చేయవచ్చు, చంపవచ్చు, అతడు మోసుకువచ్చిన సొత్తును తన మూటలో వేసుకుని పోవచ్చు. ఇదంతా తెలిసే జనం అక్కడికి వెళ్ళేవారు. అందులోనే వారికి ఆనందం. ఆ డిసెంబరు రోజుతో ఆ అవకాశం రద్దయింది. మూడు వారాలు గడిచాక, 2008 జనవరి 2న, రెండవ దెబ్బ తగిలింది. ఒక ఆటగాడు మరొకరికి తన వస్తువును ఇష్టం వచ్చిన ధరకు ఇచ్చే వీలు లేదనీ, ఇచ్చిపుచ్చుకునే రెండింటి విలువా ఇంచుమించు సమానంగా ఉండి తీరాలనీ సంస్థ శాసించింది. కొత్తగా చేరిన తమ్ముడికి అన్న ఒక మంచి కత్తి కానుకగా ఇవ్వడం కూడా ఆ రోజుతో కష్టమైపోయింది.

ఈ ఆటలో ఎవరేమి పలికినా ఆ మాటలు వారి బొమ్మ తలపై పసుపుపచ్చని అక్షరాలుగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఆటలోని పట్టణాల కూడళ్ళు ఈ పసుపు అక్షరాలతో నిండిపోయాయి. వందలకొద్దీ బొమ్మలు ఒకచోట గుమిగూడి, తమ దేశాన్ని తమకు తిరిగి ఇమ్మని అరిచాయి. నెలనెలా చందా కట్టేవారు కొందరు చందా మానుకున్నారు. ఎన్నడూ చిల్లిగవ్వ చెల్లించనివారు సైతం అదే కోపంతో అదే కూడలిలో నిలబడ్డారు.

పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడాడట, అని మన పెద్దల సామెత. ఉచితంగా దొరికినదానిలో కొలత తగ్గిందని తగువుకు దిగే హక్కు ఎవరికైనా ఉంటుందా? ఈ శతాబ్దపు తొలి పాతికేళ్ళలో ఇంటర్నెట్‌లో ఉచిత ఆటలు తయారుచేసినవారందరూ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవారే. ఈ ప్రశ్నకు రూన్‌స్కేప్ కథ చెప్పినంత వివరంగా, అంత విచిత్రంగా మరే ఆటా సమాధానం చెప్పలేదని నా అభిప్రాయం.

ముందుగా ఒక అపోహ తొలగించవలసి ఉంది. ఆన్‌లైన్ ఆట అనగానే మన దేశంలో చాలా ఇళ్ళలో పెద్దలు ఉలిక్కిపడతారు. అప్పులపాలైన యువకుల కథలు వారి చెవిన పడ్డాయి. అవి డబ్బు పందెంగా ఒడ్డి ఆడే ఆటలు; వాటిని నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. ఇక్కడ చెప్పబోయేవి వాటికి పూర్తిగా భిన్నమైనవి. బ్రౌజరు తెరిచి, చిరునామా టైపు చేసి, కొనుగోలూ పందెమూ లేకుండా వెంటనే ఆడగలిగిన ఆటలు ఇవి. 2000 తరువాతి పదేళ్ళలో మన పట్టణాల ఇంటర్నెట్ సెంటర్లలో గంటకు ఇంత అని చెల్లించి కూర్చున్న పిల్లలు, పరీక్షా ఫలితాలు చూసుకునే నెపంతో ఆడుకున్న ఆటలు సాధారణంగా ఇవే.

ఇటువంటి ఆటలకు ఆడేవారి తీర్పు అనేది మొదటినుంచీ ఉన్నదే. అమెరికాలో టామ్ ఫల్ప్ అనే యువకుడు 1995లో ప్రారంభించిన న్యూగ్రౌండ్స్ ఇందుకు మంచి ఉదాహరణ. 2000 నుంచి అక్కడ ఎవరైనా తాము తయారుచేసిన ఆటను ప్రజల ముందు పెట్టవచ్చు. చూసినవారు సున్నా నుంచి అయిదు వరకు మార్కులు వేస్తారు. మార్కులు మరీ తక్కువగా వస్తే ఆ ఆట అక్కడి నుంచి తొలగిపోతుంది. సంపాదకుడు లేడు, న్యాయనిర్ణేతల సంఘం లేదు. పదిహేనేళ్ళ కుర్రవాడు రాత్రంతా కూర్చుని చేసిన ఆట ఉదయానికి ఉంటుందో లేదో అపరిచితులు తేల్చేవారు. ఇది క్రూరంగా తోచవచ్చు. కాని మన పౌరాణిక నాటకాలు చూసినవారికి ఇది కొత్త కాదు. పద్యం రక్తి కడితే వన్స్‌మోర్ అని కేకలు, నటుడు మళ్ళీ రాగం అందుకోవడం. శ్రుతి తప్పితే ఈలలు. ప్రేక్షకుడి మాటకూ నటుడి జవాబుకూ నడుమ అర నిమిషం వ్యవధి కూడా ఉండేది కాదు.

ఇంగ్లీషువారు దీనికంతటికీ ఫీడ్‌బ్యాక్ అనే ఒకే మాట వాడతారు. అనువాదం వృత్తిగా గలవారికి ఈ మాటతో నిత్యం పేచీయే. అభిప్రాయం అంటే చాలదు, ప్రతిస్పందన అంటే యంత్రం వాసన వస్తుంది. మంచిచెడ్డలు చెప్పడం అన్నదే నాకు దగ్గరగా తోస్తుంది. అందులో చెప్పేవాడికి చనువూ, వినేవాడికి బాధ్యతా రెండూ ఉన్నాయి. ఇక ఆ మంచిచెడ్డలకు కంపెనీలు తరచుగా ఇచ్చే జవాబు, అంటే మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అనే వాక్యం, అనువదించడానికి అన్నింటికంటె సులభమైనది. ఏ భాషలోకి మార్చినా అందులోంచి పోయేదేమీ ఉండదు.

రూన్‌స్కేప్‌ను నిర్మించినవాడు ఆండ్రూ గోవర్. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చదివిన ఈ యువకుడు, సోదరుడు పాల్ సాయంతో, నాటింగ్‌హామ్‌లోని తల్లిదండ్రుల ఇంట్లో ఉండి ఈ ఆటను తయారుచేశాడు. 2001 జనవరి 4న అది ప్రజల ముందుకు వచ్చింది. జావా భాషలో రాసినందువల్ల అప్పట్లో అది బ్రౌజరులోనే నడిచేది; పాఠశాల కంప్యూటరైనా సరే, గ్రంథాలయపు కంప్యూటరైనా సరే. అదే సంవత్సరం చివర జాజెక్స్ సంస్థ ఏర్పడింది. ప్రకటనల ఆదాయం చాలకపోవడంతో 2002 ఫిబ్రవరిలో నెలవారీ చందా ప్రవేశపెట్టారు. కాని ఉచితభాగాన్ని మూయలేదు. దేశంలో కొంత భాగం అందరికీ, మిగిలినది చందాదారులకు. ఈ ఏర్పాటు ఎంతగా ఫలించిందంటే, 2008లో గిన్నిస్ సంస్థ దీన్ని ఈ తరహా ఉచిత ఆటలన్నింటిలో అత్యంత జనాదరణ పొందినదిగా గుర్తించింది.

ఆటను నడిపే ఉద్యోగులు కూడా ఆటలో బొమ్మలుగా తిరుగుతారు. వారి పేరుకు ముందు మోడ్ అనే మాటా, పక్కన చిన్న బంగారు కిరీటమూ ఉంటాయి. ఆడేవారిలోనుంచి ఎంపికై పెద్దరికం వహించేవారికి వెండి కిరీటం. బంగారు కిరీటం కనిపిస్తే చాలు, చుట్టూ జనం మూగుతారు. రాజుగారు మారువేషం లేకుండా సంతలోకి వచ్చినట్లుంటుంది. అర్జీలు, పొగడ్తలు, తిట్లు, ఒక్కసారిగా మీద పడతాయి.

అటువంటి సంస్థ 2007లో అంతటి కఠిన నిర్ణయం ఎందుకు తీసుకుంది? కారణం ఆట వెలుపల ఉంది. ఆటలోని బంగారు నాణేలను నిజమైన డాలర్లకు అమ్మే వ్యాపారం అప్పటికి ప్రపంచమంతటా పెరిగింది. రోజంతా ఆడి బంగారం కూడబెట్టలేని ఉద్యోగి కొంటాడు. కూలికి ఆడేవారినో, మనిషికి బదులు ఆడే ప్రోగ్రాములనో పెట్టి వ్యాపారి అమ్ముతాడు. సంస్థ నియమాల ప్రకారం ఇది నిషిద్ధం. వ్యాపారులు దొంగిలించిన క్రెడిట్ కార్డులతో చందాలు కట్టి ఖాతాలు తెరిచేవారు. కార్డు అసలు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే సొమ్ము వెనక్కి ఇవ్వవలసినది జాజెక్స్. ఇది పెచ్చుమీరితే కార్డుల ద్వారా చెల్లింపులు స్వీకరించే సదుపాయమే పోయే ప్రమాదం ఉందని సంస్థ వివరించింది. కొన్న బంగారం ఒక ఖాతానుంచి మరొక ఖాతాకు చేరే దారులు ప్రధానంగా రెండు. ఒకటి, పది నాణేల వస్తువుకు పది లక్షలు ఇచ్చినట్లు నటించడం. రెండు, వైల్డర్‌నెస్‌కు వెళ్ళి కావాలని చనిపోయి సొత్తును వదిలివేయడం. రెండు దారులనూ సంస్థ మూసివేసింది.

కారణం నిజమైనదే. దాన్ని దాచలేదు కూడా. అయినా కోపం చల్లారలేదంటే ఆశ్చర్యం లేదు. దొంగను పట్టుకోవడానికి ఊరి సంతనే ఎత్తివేస్తే, సంతకు వెళ్ళేవారికి దొంగకంటె అధికారి మీదనే కోపం వస్తుంది. పైగా ఆడేవాడు ఈ ఆటలో పెట్టిన పెట్టుబడి డబ్బు కాదు, కాలం. రూన్‌స్కేప్‌లో ఒక్క విద్యలో ఉత్తమ స్థాయి చేరాలంటే వందల గంటలు పట్టడం మామూలు. చెట్లు నరకడం, చేపలు పట్టడం, ఇనుము కరిగించడం, ప్రతిదానికీ అదే లెక్క. కొందరు ఎనిమిదవ తరగతిలో మొదలుపెట్టి డిగ్రీ పూర్తయ్యేవరకు కొనసాగించారు. చట్టం దృష్టిలో ఆ ఖాతా, అందులోని ప్రతి కత్తీ సంస్థవే. కాని ఏడేళ్ళు దున్నిన కౌలు రైతుకు ఆ పొలం మీద మమకారం ఉండకూడదని ఏ చట్టం శాసించగలదు?

మూడేళ్ళు గడిచాయి. కొట్లాటకు ప్రత్యేక మైదానాలు ఏర్పాటు చేసినా పాత అడవి రుచి వాటికి రాలేదు. ఫిర్యాదులు ఆగలేదు. 2010 డిసెంబరులో సంస్థ ఒక అరుదైన పని చేసింది. వైల్డర్‌నెస్‌నూ, స్వేచ్ఛా వ్యాపారాన్నీ తిరిగి తేవాలా వద్దా అని ఆటగాళ్ళనే ఓటు అడిగింది. 12 లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి. తీసుకురండి అన్నవారు 91 శాతం. 2011 ఫిబ్రవరి 1న రెండూ తిరిగివచ్చాయి.

కథ ఇక్కడ సుఖాంతం కావలసినది, కాలేదు. దారులు తెరుచుకోగానే బంగారు వ్యాపారులూ వచ్చారు. మనిషికి బదులు ఆడే ప్రోగ్రాములు అడవుల్లో, గనుల్లో బారులు తీరాయి. 2011 అక్టోబరులో సంస్థ ఆ ప్రోగ్రాములను పనిచేయనీయని కొత్త ఏర్పాటు చేసి, లక్షలాది ఖాతాలను రద్దు చేయవలసి వచ్చింది. 2007లో సంస్థ హెచ్చరించిన ప్రమాదం ఊహాజనితం కాదని 91 శాతం మందికీ తెలిసివచ్చింది. జనం అడిగింది న్యాయమే. దాని ఖరీదూ నిజమే. ఈ రెండు సత్యాలూ ఒకే ఆటలో ఇమడవలసి వచ్చింది.

ఇక 2012. ఆ ఏడాది రెండు మార్పులు వచ్చాయి. మొదటిది అదృష్టచక్రం: తిప్పితే బహుమతులు, అదనంగా తిప్పాలంటే డబ్బు. గంటలకొద్దీ శ్రమించి సాధించినదాన్ని పక్కవాడు డబ్బుతో తిప్పి పొందడం చాలామందికి అవమానంగా తోచింది. రెండవది, నవంబరు 20న యుద్ధ విధానాన్ని సమూలంగా మార్చడం. ఆధునికం చేయాలన్నది నిర్మాతల ఉద్దేశం. కాని పదేళ్ళుగా వేళ్ళకు అలవడిన పద్ధతి ఒక్క రోజులో నిరుపయోగమైంది. ఈసారి కూడళ్ళలో గుంపులకంటె పెద్ద నిరసన మరొకటి జరిగింది. ఆడేవారు మాట్లాడడం మానుకుని వెళ్ళిపోసాగారు. ఆట నడిపేవారికి కోపంతో రాసిన ఉత్తరం కంటె ఈ నిశ్శబ్దమే భయంకరం. తిట్టేవాడికి ఇంకా ఆశ ఉన్నట్లు లెక్క.

జాజెక్స్ గిడ్డంగిలో 2007 ఆగస్టు నాటి ఆట పూర్తి నకలు ఒకటి భద్రంగా మిగిలి ఉంది. అంటే వైల్డర్‌నెస్ రద్దుకు నాలుగు నెలల ముందరి దేశం, చెక్కుచెదరకుండా. 2013 ఫిబ్రవరిలో సంస్థ మళ్ళీ ఓటింగు పెట్టింది. ఎన్ని ఓట్లు వస్తే ఏమేరకు చేయగలమో మెట్లు మెట్లుగా ముందే ప్రకటించింది. 50 వేలు వస్తే పాత ఆటను అదనపు రుసుముతో నడుపుతాం, 5 లక్షలు వస్తే అదనపు రుసుము ఉండదు, ఇలా. ఓటింగు ముగియకముందే, ఫిబ్రవరి 22న, పాత దేశం తలుపులు తెరుచుకున్నాయి. చివరికి పోలైన ఓట్లు 4,49,351. అయిదు లక్షల మెట్టుకు కొద్ది దూరంలో ఆగినా సంస్థ అదనపు రుసుము అడగలేదు. ఆ విధంగా ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పుట్టింది. రెండేళ్ళ తరువాత, 2015 ఫిబ్రవరిలో, అందులోనూ ఉచితభాగం వచ్చింది.

పాతదాన్ని తిరిగి తెచ్చినవారికి వెంటనే ఒక చిక్కు ఎదురైంది. అయిదేళ్ళ కిందటి లోకంలో జనం ఎంతకాలం తిరుగుతారు? ఏదో ఒకటి కొత్తగా చేర్చక తప్పదు. కాని చేర్చినందువల్లనే కదా మొదటిసారి అంతా పాడయింది! అందుచేత నిర్మాతలు తమ చేతులకు తామే సంకెళ్ళు వేసుకున్నారు. కొత్త ప్రదేశం, కొత్త ఆయుధం, కొత్త కథ, ఏదైనా సరే ఆటలో చేర్చేముందు ఓటింగు జరగాలి. సగానికి పైగా ఒప్పుకుంటే చాలదు. 75 శాతం కావాలి. ఆటలోని పట్టణాలలోనే ఓటింగు మందిరాలు వెలిశాయి. ఆటగాడు రాక్షసుణ్ణి చంపి వస్తూ దారిలో ఓటు వేసి పోవచ్చు. చాలా కాలం నిర్మాతలు వారంవారం కెమెరా ముందు కూర్చుని, ఈ ప్రతిపాదన ఎందుకు చేశారు, ఈ కత్తికి ఇంత బలం ఎందుకు, అని వచ్చే ప్రశ్నలకు జవాబులు చెప్పేవారు. మన రాజ్యాంగ సవరణకు కావలసినది సభకు హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు. ఒక చేపల వల సవరణకు నాలుగింట మూడు వంతులు కావలసిన దేశం మరొకటి ఉన్నదా అని నాకు నవ్వు వస్తుంది.

ఈ ప్రజాస్వామ్యం ఎలా నడిచింది? చాలావరకు బాగానే నడిచిందనాలి. అయితే ఓటు పెట్టెలో మంచితనంతోబాటు మాత్సర్యం కూడా పడుతుంది. వైల్డర్‌నెస్‌లో కొట్లాడుకునేవారు సంఖ్యలో తక్కువ. వారి చేతిలో దోపిడీకి గురైనవారు ఎక్కువ. కాబట్టి కొట్లాడేవారికి ఉపయోగపడే ప్రతిపాదన ఎంత చిన్నదైనా, మిగిలినవారు వ్యతిరేకించి ఓడించడం పరిపాటి అయింది. ఒకప్పుడు లక్షల మంది ఓటు వేసి తిరిగి తెచ్చుకున్న అడవి, ఆ ఓటు వల్లనే నీరు లేక ఎండసాగింది. మరొక సమస్య ఏమంటే, దీర్ఘకాలంగా ఆడేవాడు తాను కష్టపడి ఎక్కిన మెట్లు ఇతరులకు సులభం కావడాన్ని సహించడు. ఇంటర్మీడియట్‌లో తాను చదివిన లావు పుస్తకాన్ని తమ్ముడి కోసం సన్నగా చేశారని అలిగే అన్నలు మనకు తెలియనివారు కారు.

అందుచేత నిర్మాతలు క్రమంగా ఒక గీత గీశారు. ఆట సమతూకాన్నీ, నీతినీ కాపాడే మార్పులను ఓటింగు లేకుండానే చేస్తామన్నారు. ఉత్సవాలు, పండుగల వేడుకలు కూడా ఓటింగు పరిధిలో లేవు. ఈ గీతకు 2017 జూన్‌లో పరీక్ష వచ్చింది. స్వలింగ సంపర్కుల హక్కులకు సంఘీభావంగా ఆటలో ఒక చిన్న వేడుక, అందులో ఇంద్రధనుస్సు రంగుల కండువా ఒకటి ప్రకటించారు. దీన్ని మమ్మల్ని అడగకుండా ఎలా పెడతారని ఒక వర్గం ఆటలోనే అల్లరికి దిగింది. సంస్థ తగ్గలేదు, వేడుక జరిగింది. ప్రతి మాటనూ వినడం వేరు, ప్రతి మాటకూ తల ఊపడం వేరు. ఆనాడు సంస్థ ఇచ్చిన ‘కాదు’ అనే జవాబు, అది ఇచ్చిన మంచి జవాబులలో ఒకటని నేను భావిస్తాను.

ఒంటరిగా ఆట తయారుచేసినవాడి పరిస్థితి కొంత భిన్నం. అమెరికాలో స్థిరపడిన వేల్స్ దేశస్థుడు జాష్ వార్డిల్ తన సహచరి పాలక్ షాకు మాటల ఆటలంటే ఇష్టమని వర్డిల్ అనే ఆటను తయారుచేశాడు. అయిదు అక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాలలో ఊహించాలి. అక్షరం సరిపోతే ఆకుపచ్చ, చోటు తప్పితే పసుపు. ఇంగ్లీషులో సుమారు 12 వేల అయిదక్షరాల మాటలు ఉన్నాయి; వాటిలో సామాన్యులకు తెలిసిన రెండున్నర వేలను ఏరి ఇచ్చినది ఆమే. ఎన్ని వేలమంది ఆడిన తరువాత కూడా ఆ ఆట కఠినత ఆమె ఒక్కరి జల్లెడ మీద ఆధారపడి ఉండేదన్నమాట. 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఆ ఆటను నవంబరు 1న ఆడినవారు 90 మంది. జనవరి మొదటికి 3 లక్షలు.

ఈ పెరుగుదలకు దోహదం చేసిన రంగు గళ్ళ ఆలోచన ఆడేవారిదే. న్యూజీలాండులో కొందరు తమ ఆట ఫలితాన్ని, జవాబు బయటపడకుండా, ఆకుపచ్చ, పసుపు చతురస్రాలుగా చేత్తో పేర్చి మిత్రులకు పంపుకోవడం వార్డిల్ గమనించాడు. వారిని పొగుడుతూ ఉత్తరం రాయలేదు. డిసెంబరులో ఆ గళ్ళను ఆటలోనే భాగంగా చేశాడు. అంతకంటె మంచి జవాబు ఏముంటుంది? మరొక కోరికకు మాత్రం ఆయన లొంగలేదు. రోజుకు ఒక్క మాట చాలదు, ఇంకా కావాలని జనం అడిగారు. రోజుకు ఒక్కటే అన్నాడు, అలాగే ఉంచాడు.

2022 జనవరి 12న ఆ రోజు జవాబు, ఇంగ్లీషులో దయ, మేలు అనే అర్థాలున్న ఫేవర్ అనే మాట. బ్రిటన్‌లో ఆ మాటకు ఆరు అక్షరాలు, అమెరికాలో అయిదు. అమెరికా వర్ణక్రమంతో జవాబు రావడంతో బ్రిటన్‌లో కలకలం రేగింది. ఉచితంగా దొరికిన మాటకు ఒక అక్షరం తగ్గిందని ఒక జాతి మొత్తం అలిగిన సందర్భం ఇది. మన సామెతలోని పిచ్చకుంచం కొలత సరిగ్గా ఇంతే ఉంటుందేమో! అయినా అలిగినవారి పక్షాన ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు ఎవరిది అనే పాత తగువు అందులో ఉంది. హైదరాబాదు, చెన్నై పాఠశాలల్లో బ్రిటిష్ వర్ణక్రమం నేర్చుకున్న మనవారిని కూడా అది తాకే ఉంటుంది.

ఆ నెల చివరి రోజున న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ ఆటను ఏడంకెల డాలర్లకు కొన్నది. ఇక జవాబు చెప్పవలసినవాడు ఒక్క మనిషి కాదు, ఒక సంస్థ. 2022 మే 9న జవాబుగా వరుసలో ముందే నిర్ణయమై ఉన్న మాట, గర్భస్థ శిశువు అని అర్థమిచ్చేది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా సుప్రీంకోర్టులో గర్భస్రావ హక్కుకు సంబంధించిన తీర్పు చిత్తుప్రతి బయటికి పొక్కి దేశమంతా అట్టుడుకుతున్నది. పత్రిక ఆ మాటను హడావుడిగా మార్చింది. తమ బ్రౌజరులోని పేజీని తాజా చేయనివారికి మాత్రం పాత మాటే కనిపించింది. ఒకే రోజు దేశంలో రెండు జవాబులు చెల్లాయి. ఆ సంవత్సరం నవంబరులో పత్రిక మాటలు ఎంచడానికి ఒక సంపాదకురాలిని నియమించింది.

ఉచిత ఆట నిర్మాతలు ఇచ్చే చివరి జవాబు ఒకటుంది. అది ఎవరూ వినగోరనిది. 2018 ఆగస్టు 6న రూన్‌స్కేప్ తొలిరూపం సర్వర్లు ఆగిపోయాయి. తమ సాధనాలు ఆ పాత ఆటతో ఇక కలిసి పనిచేయడం లేదనీ, ఆడేవారికి రక్షణ కల్పించలేమనీ సంస్థ ముందుగానే తెలిపింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ అనే సాధనానికి అడోబీ సంస్థ మద్దతు నిలిపివేసింది. దానిపై నడిచే వేల బ్రౌజరు ఆటలు ఒక్కసారిగా చీకటిలో కలిసేవే. 2009 నుంచి కోట్లమందిచేత కలుపు తీయించిన ఫార్మ్‌విల్ పొలాలు ఆ రోజే మూతపడ్డాయి. ఇక్కడా ఆడేవారే ముందుకు వచ్చారు. ఫ్లాష్‌పాయింట్ అనే పేరుతో స్వచ్ఛందంగా కొందరు, 2018 నుంచే ఆ ఆటలను ఒక్కొక్కటిగా సేకరించి భద్రపరచసాగారు. వాటిలో చాలా ఆటలకు నిర్మాతలెవరో, ఎక్కడున్నారో కూడా తెలియదు; ఉత్తరం రాసినా జవాబిచ్చేవారు లేరు. జవాబు రాని చోట ఆడేవారు ఆటనే దాచిపెట్టుకున్నారు.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో కొత్త విద్య చేర్చాలన్న ప్రయత్నానికి దీర్ఘ చరిత్ర ఉంది. 2014లో శిల్పవిద్య వంటి ప్రతిపాదన ఒకటి ఓడిపోయింది. 2015లో నావికవిద్య ఓడిపోయింది. 2019లో మాంత్రిక కవచాలు అల్లే వార్డింగ్ అనే విద్యకు దాదాపు మూడింట రెండు వంతులు మద్దతిచ్చినా, 75 శాతపు గీత చేరలేక అదీ పోయింది. అంతమంది కావాలన్నదాన్ని అంతకంటె తక్కువమంది ఆపగలగడం న్యాయమేనా అని వాదోపవాదాలు సాగాయి. 2022లో ఆ గీతను 70 శాతానికి దించారు. ఈసారి నిర్మాతలు సిద్ధమైన వస్తువును తెచ్చి ఇష్టమా కాదా అని అడగలేదు. ముందు కొత్త విద్య కావాలా అని అడిగారు, కావాలన్నారు. మూడు విద్యలు చూపి ఏది కావాలన్నారు. 2023లో జనం మళ్ళీ నావికవిద్యనే ఎంచుకున్నారు. రూపురేఖలు గీసి చూపి, తప్పులు చెప్పించుకుని, తుది ఓటింగు పెట్టగా అది 70 శాతపు గీతను స్వల్పంగానే దాటింది. 2025 వసంతంలో పచ్చిగా ఉన్న నమూనాను ఆడి చూడమని అందరికీ ఇచ్చారు. పడవ తిరిగే వేగం మొదలు తెరచాప తీరు వరకు వేలాది ఫిర్యాదులు, సూచనలు వచ్చాయి. నిర్మాతలు వాటిలో దేనిని స్వీకరించారో, దేనిని ఎందుకు తోసిపుచ్చారో రాస్తూ వచ్చారు.

2025 నవంబరు 19న రేవులు తెరుచుకున్నాయి. పదేళ్ళ కిందట ఈ సముద్రం వద్దని ఓటు వేసినవారు కొందరు, ఆ రోజు అందరితోపాటు పడవల వరుసలో నిలబడే ఉంటారు.